పడమటి తీరాన అమరలోకం

టోల్కీన్ కల్పించిన పురాణలోకంలో అమరుల దేశం ఆకాశంలో ఉండదు, సముద్రానికి అవతలి ఒడ్డున ఉంటుంది. దాని పేరు అమన్. తూర్పున మనుషులు, మరుగుజ్జులు, హాబిట్లు బతికే మిడిల్ ఎర్త్. నడుమ బెలెగయెర్ మహాసముద్రం. ఆ నీళ్లు దాటితే పెలోరి పర్వతాలు. వాటి వెనక వాలినోర్, దేవతల్లాంటి వాలార్ల నివాసం. తీరానికి కాస్త ఇవతల తోల్ ఎరెస్సెయా ద్వీపం, అక్కడ అవల్లోనె అనే రేవు. పటంలో గీయగల స్వర్గమిది. చాలా పురాణాల్లో స్వర్గం పైన, పాతాళం కింద ఉంటాయి, బతికున్నవాడి కాళ్లకు అందవు. ఇక్కడ అమరలోకం, మర్త్యలోకం ఒకే నీటికి రెండు ఒడ్లు. ఓడ కట్టగలిగిన మర్త్యుడికి దారి తెలుసు, కానీ పోవడానికి అనుమతి లేదు. ఆ మహాగాథలోని దుఃఖంలో సగం ఈ ఒక్క ఏర్పాటు నుంచే పుట్టింది.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్లభాషా సాహిత్యాలు బోధించిన ఆచార్యుడు. ‘ది హాబిట్’ 1937లో, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954–55లో వచ్చాయి. వాటి వెనకనున్న అసలు పురాణం ‘ది సిల్మరిలియన్’ ఆయన పోయాక, 1977లో, కొడుకు క్రిస్టఫర్ చేతుల మీదుగా అచ్చయింది. ఆ పురాణానికి తొలి కథలు మొదటి ప్రపంచయుద్ధం నాటివి. సోమ్ యుద్ధరంగంలో ట్రెంచ్ జ్వరం తగిలి ఇంగ్లండ్ చేరాక, కోలుకునే రోజుల్లో రాయడం మొదలుపెట్టాడు. అప్పటికే ఆయనకు చావుతో పరిచయం ఎక్కువ. నాలుగేళ్ల వయసులో తండ్రి, పన్నెండేళ్లకు తల్లి పోయారు. బడినాటి ప్రాణస్నేహితులు ముగ్గురిలో ఇద్దరు ఆ 1916లోనే యుద్ధంలో చనిపోయారు. తన రచనకు అసలు వస్తువు అధికారం కాదనీ, మరణమూ అమరత్వమేననీ తర్వాత ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. ఉంగరం కథ ఒక్కటే చదివినవారికి ఈ మాట వింతగా తోచవచ్చు. మొత్తం చదివినవారికి తోచదు.

చనిపోయినవారి మందిరాలు కూడా అమన్‌లోనే, పడమటి అంచున ఉన్నాయి. వాటి అధిపతి అసలు పేరు నామో. కానీ అందరూ ఆయన ఉండే చోటి పేరుతోనే మాండోస్ అంటారు. ఆయన ఏదీ మరవడు. జరగబోయేది చాలావరకు తెలిసినా, వాలార్లకు రాజైన మాన్వే ఆజ్ఞ ఉంటే తప్ప నోరు విప్పడు. తెలుగు పాఠకుడికి ఇక్కడ యమధర్మరాజు గుర్తుకు రావడం సహజం. ఆ పోలిక కొంతదూరం మాత్రమే నడుస్తుంది. మాండోస్ సభలో చిత్రగుప్తుడి చిట్టా లేదు, సలసల కాగే నూనె లేదు, పాశాలు పట్టుకున్న భటులు లేరు. తప్పు చేసినవారు ఎక్కువకాలం ఆగాలి, అంతే. మాండోస్ భార్య వైరె కాలంలో జరిగిన ప్రతి సంగతినీ బట్టలో నేస్తుంది. ఆ నేతలే మందిరాల గోడల నిండా వేలాడుతుంటాయి. యుగాలు గడిచేకొద్దీ మందిరాలు పెరుగుతూ పోతాయి. చెల్లెలు నియెన్నా పని ఏడవడం. లోకానికి తగిలిన ప్రతి గాయానికీ ఆమె కన్నీరు పెడుతుంది. ఆమె వచ్చినప్పుడు అక్కడ ఆగి ఉన్నవారంతా ఆమెను పిలుస్తారు. ఆమె వారికి ఓర్పునిస్తుంది, వారి దుఃఖాన్ని వివేకంగా మారుస్తుంది. చనిపోయినవారి దగ్గరికి శిక్షించేవాళ్లను పంపకుండా ఏడ్చే దేవతను పంపడం టోల్కీన్ కల్పనలో అత్యంత కరుణగల ఘట్టం.

ఆ మందిరాలు ముఖ్యంగా ఎల్ఫుల కోసం. ఎల్ఫులకు ముసలితనం లేదు, రోగం లేదు. కత్తివేటుకో, భరించలేని శోకానికో మాత్రం ప్రాణం పోవచ్చు. వారి భాషలో దేహం హ్రోవా, ఆత్మ ఫెయా. దేహాన్ని విడిచిన ఫెయాకు మాండోస్ నుంచి పిలుపు వస్తుంది. ఆ పిలుపును కాదనే స్వేచ్ఛ ఉంది. కాదంటే మాత్రం గూడులేని ఆత్మగా లోకంలో తిరుగుతూ, చీకటిశక్తుల చేతికి చిక్కే ప్రమాదంలో పడాలి. పిలుపు విన్నవారు కొంతకాలం ఆగి, మళ్లీ దేహం పొంది అమన్‌లో జీవించవచ్చు. ఎల్ఫుల నగరం గోండోలిన్ కూలినప్పుడు బాల్రోగ్ అనే అగ్నిరాక్షసుడితో పోరాడి చనిపోయిన గ్లోర్‌ఫిండెల్ అలా తిరిగొచ్చినవాడే. వేల ఏళ్ల తర్వాత, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో, గాయపడిన హాబిట్ ఫ్రోడోను రివెండెల్ దారిలో ఆదుకున్నదీ అతడే.

ఆ కొత్త దేహం ఎలా వస్తుందన్న ప్రశ్న రచయితను చివరిదాకా వదల్లేదు. ఎల్ఫులు తమ వంశంలోనే బిడ్డలుగా మళ్లీ పుడతారని మొదట రాశాడు. 1954లో ఒక కాథలిక్ పుస్తకాల దుకాణం నిర్వాహకుడు పునర్జన్మ తమ మతానికి సరిపడదని అభ్యంతరం చెబితే, కల్పిత లోకంలో కల్పిత జాతికి అలా ఉండటంలో తప్పేముందని ఆ ఆలోచనను సమర్థించుకున్నాడు. తర్వాత తనంతట తానే దాన్ని వదిలేశాడు. ఒక ఆత్మ, ఒక దేహం ఒకదానికొకటి అమరేలా తయారవుతాయని ముందే సూత్రం పెట్టుకున్నాడు. వేరే తల్లిదండ్రుల వల్ల వచ్చే దేహం ఆ ఆత్మకు ఎలా అమరుతుంది? అందుకని, పాత దేహాన్నే తిరిగి నిర్మించడం అనే పద్ధతికి మారాడు. బయటివారి అభ్యంతరానికి లొంగనివాడు తన లోకపు తర్కానికి లొంగాడు. ఆ లోకం నిజమనిపించడానికి ఇలాంటి పట్టింపులే కారణం.

చావు తిరిగిరాగల ప్రయాణమైతే, తిరిగి రానంటే ఏమవుతుంది? మీరియెల్ కథ ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. నోల్దోర్ ఎల్ఫుల రాజు ఫిన్వె భార్య ఆమె, గొప్ప కుట్టుపనిదిట్ట. కొడుకు ఫెయనోర్‌ను కనడంలో ఆమె జీవశక్తి మొత్తం కరిగిపోయింది. ఎవరూ చనిపోని అమరభూమిలో, లోరియెన్ తోటల్లో, ఆమె పడుకుని ప్రాణం విడిచింది. మందిరాల నుంచి తిరిగి రానని చెప్పింది. ఫిన్వె మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. మనుషుల్లో విధురుడికి ఇది చిక్కు కాదు. ఎల్ఫులకు మాత్రం చనిపోయిన భార్య ఎప్పటికైనా తిరిగి రాగలదు. వస్తే ఇద్దరు భార్యలవుతారు. వాలార్లు కూర్చుని దీర్ఘంగా తర్కించారు. మీరియెల్ ఎన్నటికీ దేహం ధరించనని ఒప్పుకుంటేనే పెళ్లికి అనుమతి అని తీర్పు ఇచ్చారు. ఆమె ఒప్పుకుంది. ఫిన్వె ఇండిస్‌ను పెళ్లాడాడు. ఫెయనోర్ మనసులో మొలిచిన చేదు తర్వాతి యుద్ధాలన్నిటికీ విత్తనమైంది. కొన్నాళ్లకు ఫిన్వెను వాలార్ల శత్రువు మోర్గోత్ చంపాడు. అప్పుడు మందిరాల్లో మొదటి భార్యను కలిసిన ఫిన్వె, ఆమె తిరిగి వెళ్లేందుకు వీలుగా తాను అక్కడే ఉండిపోతానన్నాడు. 1993లో అచ్చయిన ‘మోర్గోత్స్ రింగ్’ సంపుటంలో ఈ ధర్మచర్చ మొత్తం ఉంది. అమరత్వం నిజంగా ఉంటే కుటుంబం, కట్టుబాటు, న్యాయం ఎలా మారతాయో ఇంత శ్రద్ధగా ఆలోచించిన కాల్పనిక రచయితలు అరుదు.

చావు లేకపోవడం ఎల్ఫులకు హాయిగా ఏమీ లేదు. వారు లోకం ఉన్నంతకాలం లోకానికి కట్టుబడి ఉంటారు. చూసిన అడవులు నరికివేతకు గురవుతాయి, ప్రేమించిన నగరాలు మట్టిలో కలుస్తాయి, వారి జ్ఞాపకం మాత్రం చెక్కు చెదరదు. మిడిల్ ఎర్త్‌లో ఉండిపోయినవారికి మరో గతి పడుతుంది. ఆత్మ లోపలి నుంచి దేహాన్ని కొద్దికొద్దిగా దహిస్తూ పోతుంది. చివరకు వారు కంటికి కనిపించని నీడలవుతారు. మూడు ఎల్ఫ్ ఉంగరాలు ఈ క్షయాన్ని ఆపడానికే తయారయ్యాయి. గలాద్రియెల్ ఏలే లోత్‌లోరియెన్ అడవి చదివేవారికి స్వర్గంలా తోస్తుంది. టోల్కీన్ మాత్రం దాన్ని పూర్తిగా మెచ్చలేదు. మారే లోకాన్ని మారకుండా పట్టి ఉంచాలన్న ఆశ ఎల్ఫుల బలహీనత అనీ, వారు శవాలకు సుగంధాలు పూసి దాచేవారి లాంటివారనీ ఒక ఉత్తరంలో కఠినంగానే అన్నాడు.

మనుషుల దారి వేరు. సృష్టికర్త ఎరూ ఇలూవతార్ మనుషులకిచ్చిన వరంగా ఎల్ఫులు చెప్పేది మరణాన్నే. చనిపోయిన మనిషి మాండోస్ మందిరాల్లో వేరుగా ఒకచోట కొద్దికాలం ఆగి, ఆపైన లోకపు హద్దులు దాటి వెళ్లిపోతాడు. ఎక్కడికో ఎల్ఫులకు తెలియదు. తెలిసిన ఒకరిద్దరు వాలార్లు చెప్పరు. మోర్గోత్ అని పేరుపడిన మొదటి శత్రువు మెల్కోర్ ఈ వరం మీద తన నీడ పరచి, దాన్ని చీకటితో కలగలిపి, భయంగా మార్చాడని ఎల్ఫుల పురాణం. ఎల్ఫులు వరమన్నదాన్ని మనుషులు శిక్షగా అనుభవిస్తారు. ఎవరిది సరైన మాటో పురాణం తేల్చి చెప్పదు.

ఈ తేలని తగాదాకు దేశవ్యాప్త రూపం నూమెనోర్. మోర్గోత్‌తో యుద్ధంలో ఎల్ఫుల పక్షాన నిలిచిన మనుషులకు వాలార్లు సముద్రం నడుమ ఒక ద్వీపాన్ని బహుమతిగా ఇచ్చారు. మామూలు మనుషులకన్నా ఎన్నో రెట్లు ఆయుష్షు ఇచ్చారు. తొలిరాజు ఎల్రోస్ 500 ఏళ్లు బతికాడు. ఒకే నిబంధన: తమ తీరం కనుమరుగయ్యేంత దూరం పడమరకు ఓడ నడపకూడదు. ఆకాశం తేటగా ఉన్న రోజున, చూపు బాగా ఆనేవారికి అవల్లోనె రేవు మెరుస్తూ కనిపించేది. తొలిరోజుల రాజులు తృప్తిగా బతికి, సమయం వచ్చిందని తోచినప్పుడు తామే ప్రాణం అప్పగించేవారు. భీష్ముడికి దక్కిన ఇచ్ఛామరణం లాంటిదే అది.

ఆయుష్షు పెరిగేకొద్దీ చావుభయం తగ్గాలి. నూమెనోర్‌లో పెరిగింది. తార్ అతనమీర్ కాలానికి గొణుగుడు మొదలైంది. వాలార్ల దూతలు వచ్చి నచ్చజెప్పారు: ఆ నేల ఎవరినీ అమరులను చేయదు, అమరులు ఉండటం వల్ల ఆ నేల పవిత్రమైంది, అక్కడ అడుగుపెడితే మీరు ఇంకా త్వరగా వాడిపోతారు. అతనమీర్ వినలేదు. మతి తప్పి, ఒంట్లో శక్తి ఉడిగిపోయేదాకా సింహాసనాన్నీ ప్రాణాన్నీ పట్టుకు వేలాడిన మొదటి నూమెనోర్ రాజు అతడే. ఆ తర్వాత ద్వీపంలో బతికున్నవారి ఇళ్లకన్నా చచ్చినవారి సమాధులు ఘనంగా లేచాయి. శవాలను చెడకుండా ఉంచే విద్య పెరిగింది. ఆయుష్షు మాత్రం తరతరానికీ తగ్గిపోయింది. చివరిరాజు అర్-ఫరజోన్ ఆస్థానంలో మోర్గోత్ అనుచరుడు సౌరోన్ బందీగా చేరి, మంత్రిగా ఎదిగి, గుడి కట్టించి, మరణాన్ని తప్పించుకోవడానికి నరబలులు ఇప్పించాడు. రాజు ముసలివాడవుతున్న వేళ, అమన్‌ను జయిస్తే అమరుడివవుతావని చెవిలో ఊదాడు. రెండో యుగం 3319లో మహానౌకాదళం నిషేధాన్ని దాటింది. ఇలూవతార్ లోకం ఆకారాన్నే మార్చాడు. నూమెనోర్ మునిగింది, బల్లపరుపుగా ఉన్న భూమి గుండ్రమైంది, అమన్ మామూలు ఓడలకు అందకుండా భూమి మీద నుంచే తొలగిపోయింది. అమన్ నేల తొక్కిన రాజు, అతని సైనికులు కొండచరియల కింద, విస్మృత గుహల్లో, అంతిమయుద్ధం దాకా బందీలుగా ఉండిపోయారు. చావకుండా ఉండాలన్న వారి కోరిక ఆ విధంగా తీరింది. ఈ మొత్తం పురాణంలో ఇంతకు మించిన భయంకర శిక్ష లేదు.

టోల్కీన్‌కు చిన్ననాటి నుంచీ ఒక కల వచ్చేదట: పచ్చని నేల మీదికి తప్పించుకోలేని పెద్ద అల లేచి వస్తుంది. నూమెనోర్ కథ రాశాక, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఆ కలను ఫరమీర్ అనే పాత్రకు ఇచ్చాడు.

చావును తప్పించుకోవాలన్న నూమెనోర్ పొరపాటుకు చిన్న రూపాలు ఉంగరం కథ నిండా ఉన్నాయి. సౌరోన్ ఇచ్చిన తొమ్మిది ఉంగరాలు తొడుక్కున్న మనుషులు చావలేదు. బతుకు సాగి సాగి, దేహం పోయి, సౌరోన్ దాసులైన ప్రేతాలయ్యారు. ఉంగరం చేతికి చిక్కిన గొల్లుమ్ దాదాపు ఐదువందల ఏళ్లు చీకటిలో చేపలు తిని బతికాడు. నూమెనోర్ వంశపు రాజు ఇసిల్దూర్‌కిచ్చిన మాట తప్పిన కొండజాతివారు ఆ శపథం తీరేదాకా లోకం విడవలేకపోయారు. ఇసిల్దూర్ వారసుడు అరగోర్న్ వారి చేత మాట చెల్లించి విడుదల చేశాడు. వారు కోరుకున్నదల్లా వెళ్లిపోవడమే.

రెండు జాతుల గీతను దాటిన కథ బెరెన్, లూథియెన్‌లది. బెరెన్ మనిషి, లూథియెన్ ఎల్ఫ్ రాకుమారి. బెరెన్ చనిపోతే, ఆ శోకంతో ఆమె కూడా ప్రాణం విడిచి, మాండోస్ ముందు మోకరిల్లి పాడింది. మాండోస్ మనసు కరగడం అదే మొదటిసారి, అదే చివరిసారి. ఎర్రన తెలుగు చేసిన అరణ్యపర్వ శేషంలోని సావిత్రి ఇక్కడ గుర్తుకు రాకపోదు. సావిత్రి ధర్మసూక్ష్మాలతో యముణ్ణి మెప్పించి, భర్తతో పాటు మామగారి చూపునూ రాజ్యాన్నీ గెలుచుకొస్తుంది. తాను ఏదీ కోల్పోదు. లూథియెన్ గెలుపుకు వెల ఉంది. బెరెన్ లేకుండా అమరభూమిలో సుఖంగా ఉండటమా, అతనితో తిరిగి వెళ్లి మర్త్యురాలిగా మరోసారి, శాశ్వతంగా చావడమా అని అడిగితే, ఆమె రెండోది ఎంచుకుంది. ఎల్ఫుల దృష్టిలో ఆమెను వారు నిజంగా పోగొట్టుకున్నారు. లోకం అంతమయ్యేదాకా కూడా మళ్లీ కలవరు. టోల్కీన్ తన భార్య ఎడిత్‌ను లూథియెన్‌గా భావించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని వుల్వర్‌కోట్ శ్మశానంలో వారిద్దరి సమాధి మీద ఈ రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి.

ఆర్వెన్ కథ దీనికన్నా కఠినమైనది, కథలో నిజాయితీ కూడా ఎక్కువే. ఎల్ఫుల ఇంటి ఆడపిల్ల అయిన ఆమె అరగోర్న్ కోసం మరణాన్ని ఎంచుకుంది. అరగోర్న్ 210 ఏళ్లు బతికి, నూమెనోర్ తొలిరాజుల్లా తానే సెలవు తీసుకున్నాడు. లోకపు హద్దులకు అవతల జ్ఞాపకం కన్నా ఎక్కువేదో ఉందని ఆమెకు ధైర్యం చెప్పి కన్ను మూశాడు. ఆర్వెన్‌కు ఆ ధైర్యం చాలలేదు. తన జాతి వరమన్నదాని చేదు ఆమెకు అప్పుడు తెలిసింది. ఎల్ఫులు వెళ్లిపోయిన లోత్‌లోరియెన్ అడవిలో ఒంటరిగా చనిపోయింది. మహాప్రేమకథకు ఇలాంటి ముగింపు రాయడానికి చాలా తెగువ కావాలి. ఎందుకో దీన్ని ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అనుబంధంలో పెట్టాడు. ఎంతోమంది చదవకుండానే పుస్తకం మూసేస్తారు.

చావు వరమా, శిక్షా అన్న ప్రశ్నను సూటిగా, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది ఇద్దరే: ఎల్ఫ్ రాజు ఫిన్‌రోద్, మనుషుల్లో జ్ఞానవృద్ధురాలు ఆండ్రెత్. ఈ సంవాదాన్ని టోల్కీన్ 1959 ప్రాంతంలో రాశాడు, ఇదీ ‘మోర్గోత్స్ రింగ్’లోనే ఉంది. నచికేతుడు యముణ్ణి అడిగిన ప్రశ్నల సరసన నిలబెట్టదగిన రచన. మనుషులు మొదట చావడానికి పుట్టలేదనీ, మోర్గోత్ ఈ చావును తమ మీద రుద్దాడనీ ఆండ్రెత్ తన పెద్దల నుంచి వచ్చిన మాట చెబుతుంది. ఫిన్‌రోద్ ఉలిక్కిపడతాడు: ఒక జాతి గతినే మార్చగల శక్తి మోర్గోత్‌కు ఉంటే, ఇక ఆశకు చోటెక్కడ? మీకు చావుభయం లేదు కదా అని ఆమె అంటే, తమకూ ఉందంటాడు. లోకంతో పాటు ఎల్ఫులూ అంతమవుతారు. ఆ తర్వాత ఏమిటో వారికెవరూ చెప్పలేదు. దూరంగా ఉన్నంత మాత్రాన వేటగాడు లేనట్టు కాదు. చర్చ ముదిరేకొద్దీ అసలు గాయం బయటపడుతుంది. ఆండ్రెత్ యౌవనంలో ఫిన్‌రోద్ తమ్ముడు అయిగ్నోర్‌ను ప్రేమించింది. అతడూ ప్రేమించాడు, కానీ యుద్ధకాలమని దూరం జరిగాడు. అతడు యువకుడిగానే ఉన్నాడు, ఆమె ముసలిదైంది. ఫిన్‌రోద్ చేతనైన ఓదార్పు ఒక్కటే: అయిగ్నోర్ ఇక ఎన్నడూ పెళ్లాడడనీ, ఆమె జ్ఞాపకాన్ని లోకాంతం దాకా మోస్తాడనీ చెప్పడం. తత్వచర్చగా మొదలైన సంభాషణ ఒక స్త్రీ కోల్పోయిన జీవితం దగ్గరికి వచ్చి ఆగుతుంది. టోల్కీన్ రాసినవాటన్నిటిలో మరణం గురించి ఇంత లోతైన పుటలు మరెక్కడా లేవు.

మరుగుజ్జుల సంగతి తక్కువే తెలుసు. వారు రాయిగా, మట్టిగా మారిపోతారని ఎల్ఫులు అనుకునేవారు. తమ సృష్టికర్త అవులె తమను వేరే మందిరాల్లో చేర్చి, అంతిమయుద్ధం తర్వాత లోకాన్ని తిరిగి కట్టే పనికి పిలుస్తాడని మరుగుజ్జుల నమ్మకం. శిల్పుల జాతికి తగిన పరలోకమది: విశ్రాంతి కన్నా పని.

తర్వాతి రచయితల్లో ఉర్సులా లెగ్విన్ చావు, అమరత్వాల ప్రశ్నను వేరే దారిలో నడిపింది. ‘ది ఫార్దెస్ట్ షోర్’ (1972)లో మృతులుండే ఎండునేల చుట్టూ తక్కువ ఎత్తు రాతిగోడ ఉంటుంది. అక్కడ చనిపోయిన ప్రేమికులు వీధిలో ఎదురుపడినా ఒకరినొకరు గుర్తుపట్టరు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, ‘ది అదర్ విండ్’ (2001)లో, ఆ నేల అసలు పరలోకమే కాదనీ, అమరత్వానికి ఆశపడిన పూర్వపు మంత్రవేత్తలు డ్రాగన్ల నుంచి దొంగిలించిన చోటనీ తేల్చి, గోడను కూలగొట్టించింది. ఫిలిప్ పుల్‌మన్ ‘ది అంబర్ స్పైగ్లాస్’ (2000)లో మృతులు చీకటిలోకం నుంచి బయటికొచ్చి గాలిలో, వెలుగులో ఆనందంగా కరిగిపోతారు. పుల్‌మన్ నాస్తికుడు, లెగ్విన్‌కు తావో తత్వం ఇష్టం, టోల్కీన్ నిష్ఠగల కాథలిక్. టోల్కీన్, లెగ్విన్ ఇద్దరూ చావును జయించాలనుకునేవాణ్ణే దుష్టుడిగా చూపారు.

తెలుగు పాఠకుల్లో ఎక్కువమందికి ఈ లోకం 2001–03 మధ్య వచ్చిన సినిమాల ద్వారా పరిచయం. మూడో సినిమాలో మాంత్రికుడు గండాల్ఫ్, చావు తర్వాత తెల్లని తీరాలు, పచ్చని నేల కనిపిస్తాయని హాబిట్ పిప్పిన్‌కు చెబుతాడు. పుస్తకంలో ఆ వర్ణన చావు గురించి కాదు. ప్రత్యేక అనుమతితో, ప్రాణాలతో ఓడెక్కిన ఫ్రోడోకు కనిపించిన అమన్ తీరానిది. ఫ్రోడో అక్కడికి అమరుడవడానికి వెళ్లలేదు. గాయాలు మానేదాకా ఉండి, తర్వాత అందరు మనుషుల్లాగే మరణించడానికి వెళ్లాడని టోల్కీన్ ఉత్తరాల్లో స్పష్టం చేశాడు. సినిమా మాట ఓదార్పునిస్తుంది. కానీ అమరభూమినీ మరణానంతర గమ్యాన్నీ ఒకటి చేయడం నూమెనోర్ రాజు చేసిన తప్పే. మనిషి వెళ్లే చోటును టోల్కీన్ ఎన్నడూ వర్ణించలేదు, ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాడు. పుస్తకాల దగ్గరికి వెళ్లదలచినవారు ముందు అనుబంధంలోని అరగోర్న్, ఆర్వెన్‌ల కథ చదవండి, తర్వాత ‘ది సిల్మరిలియన్’ చివర్లోని నూమెనోర్ పతనం, ఆ తర్వాతే ఫిన్‌రోద్, ఆండ్రెత్‌ల సంవాదం.